నాడీమండల వికాసమున కణాసంజన ప్రోటీనులు

జంతుదేహములోని కణముల ఉపరితలమున నాటుకొనియుండి, ఒక కణమును ప్రక్క కణముతోగాని, కణములకు వెలుపల పఱచుకొనియున్న పీచుపదార్థముల జాలముతోగాని బంధించు ప్రోటీనులకు కణాసంజన ప్రోటీనులని పేరు. ఆసంజనమనగా అంటుకొనుట. దేహములోని సర్వావయవములకును వీని అవసరము కలదు. కాని మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములుండుటయు, వానిలో అనేకములు తాము పుట్టిన చోటు విడిచి ప్రయాణము చేసి, తమకు నియతమైన స్థానమున కుదురుకొని, అచ్చటినుండి సన్నని పోగులు చాచి, వేలకొలది ఇతర కణములతో సంబంధము కల్పించుకొనవలసియుండుటయు తలచినచో, ఈ అవయవమున వీని బాధ్యత ఎంత జటిలమైనదో ఊహింపవచ్చును.

వీనిని ఇటుకల నడుమనుండు సున్నముతో పోల్చుట వాడుక. ఆ పోలిక సగమే సరిపోవును. సున్నము ఏ యిటుకనైనను ఏ యిటుకతోనైనను అతుకును. ఒకసారి గట్టిపడిన పిమ్మట విడువదు. ఈ ప్రోటీనులో, తమకు సరిపడు జోడును ఎఱిగి పట్టుకొనును. సమయము వచ్చినపుడు పట్టు సడలించును. నాడీమండల వికాసమంతయు ఈ పట్టువిడుపుల క్రమముగనే సాగును.

తొలి ప్రయోగములు

ఈ శాస్త్రమునకు నాంది 1907లో జరిగినది. అమెరికా జీవశాస్త్రజ్ఞుడగు హెచ్. వి. విల్సన్ సజీవమైన సముద్రపు స్పంజికను సన్నని పట్టుగుడ్డలో వేసి పిండి, విడివిడి కణములుగా చేయగా, ఆ కణములు పాత్ర యడుగున ప్రాకుచు ఒకదానినొకటి చేరుకొని, ముద్దలై, తుదకు మఱల స్పంజికలుగా రూపొందెను. అదే సంవత్సరమున రాస్ హారిసన్ కప్ప పిండములోని నాడీకణజాలమును శోషరస బిందువులో వ్రేలాడదీసి పెంచి, నాడీతంతువు కణమునుండియే మొలచి, కొనయందు చలనశీలమైన భాగముతో ముందునకు సాగిపోవునని కన్నులార చూచెను. కణములకు తమవారిని చేరుకొను శక్తి కలదనియు, నాడీతంతువు తానై దారి వెదకికొని పోవుననియు ఈ రెండు ప్రయోగములు తెలిపినవి.

1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ అనువారు ఉభయచరముల పిండములపై చేసిన ప్రయోగము ఈ రంగమున మకుటాయమానమైనది. పిండమునందు నాడీమండలము కానున్న ఫలకమునుండి కొన్ని కణములను, చర్మము కానున్న భాగమునుండి కొన్ని కణములను గ్రహించి, క్షారగుణము గల ద్రవమున వానిని విడదీసి, కలగలిపి, మఱల సాధారణ ద్రవమున ఉంచగా, మొదట రెండు తెగలును ఒకే ముద్దగా చేరెను. వర్ణభేదమునుబట్టి ఏ కణము ఏ తెగదో గుర్తింప వీలుండెను. కాలము గడచినకొలది చర్మకణములు మెల్లగా వెలుపలికి వచ్చి పొరగా పఱచుకొనుటయు, నాడీకణములు లోనికి చేరి నడుమ బోలుగల గొట్టమువలె కుదురుకొనుటయు కానవచ్చెను. బీటిలో కలిసిపోయిన మందలు సాయంకాలమున ఎవరి మందకు అవి చేరినట్లు, కణములు తమ తెగను ఎఱిగి చేరినవి. అంతియేగాక, పిండములో ఏది పైన ఏది లోన ఉండవలెనో ఆ అమరికయే పాత్రలోను ఏర్పడినది. పరస్పరము గట్టిగా అంటుకొను కణములు లోపలను, అంతకంటె తక్కువగా అంటుకొనునవి వెలుపలను చేరునని మాల్కమ్ స్టైన్‌బర్గ్ 1963లో దీనికి భౌతికశాస్త్రానుసారమైన వివరణము కల్పించెను.

ఇంచుమించు ఆ కాలముననే రోజర్ స్పెర్రీ నాడీతంతువుల గమ్యనిర్ణయమును పరిశీలించెను. ఆయన ఉభయచరముల దృఙ్నాడిని ఖండించి, కనుగ్రుడ్డును తలక్రిందుగా త్రిప్పి అమర్చగా, తంతువులు మఱల పెరిగి మెదడులో తమ పూర్వస్థానములకే చేరుకొన్నవి. ఫలితముగా పైన ఎగురు పురుగును చూచి కప్ప క్రిందికి ఎగబడెను. ఆ తప్పు అభ్యాసముచేత ఎన్నటికిని సరికాలేదు. తంతువునకు, గమ్యమునకు రసాయనికమైన ఆనవాళ్ళు ఉండితీరవలెనని స్పెర్రీ ఊహించెను. కంటినుండి వచ్చు తంతువుల పటమును ప్రధానముగా నిర్ణయించునవి ఎఫ్రిన్‌లను వేఱొక వర్గపు ప్రోటీనులని తరువాత తేలినది. అయినను కణము పైపొరనుండు అణువులను వెదకవలెనను ప్రేరణ శాస్త్రజ్ఞులకు ఆ ఊహవలననే కలిగినది.

ప్రధాన కుటుంబములు

ప్రతిదేహకముల నిర్మాణమును కనుగొని 1972లో రాడ్నీ పోర్టర్‌తో కలిసి నోబెల్ బహుమానము పొందిన జెరాల్డ్ ఎడెల్మన్, ఆ ప్రతిదేహకములనే సాధనముగా చేసికొని ఆసంజన ప్రోటీనుల అన్వేషణకు పూనుకొనెను. కోడిపిండపు నేత్రపటలములోని కణములు పరస్పరము అంటుకొనకుండ అడ్డగించు ప్రతిదేహకమును తయారుచేసి, అది యే ప్రోటీనును పట్టుకొనుచున్నదో వెదకి, 1977లో ఆయనయు సహచరులును బయటపెట్టిన ప్రోటీనునకు ఎన్‌కామ్ అని పేరు వచ్చినది. నాడీకణాసంజన అణువు అను అర్థము గల ఆంగ్లనామమునకు ఇది సంక్షేపము. దీని బాహ్యభాగమున ఐదు ముడుతలు ప్రతిదేహకములలోని ముడుతలవంటివే. రోగక్రిములను గుర్తించు ప్రతిదేహకములును, తోడి కణమును గుర్తించు ఈ ప్రోటీనులును ఒకే ప్రాచీన వంశమునకు చెందినవని దీనివలన స్పష్టమైనది. ఎల్-1, కాంటాక్టిన్, మిడతలయందును పండ్ల ఈగలయందును కనుగొనబడిన ఫాసిక్లిన్-2, డిస్కామ్ అనునవి ఈ ఇమ్యునోగ్లోబ్యులిన్ కుటుంబములోనివే.

రెండవ కుటుంబమగు కాథెరిన్‌లు ఒక చిన్న చిక్కును విప్పబోగా దొరికినవి. జపానుదేశపు మసతోషి తకేయిచి క్యోటో నగరమున ట్రిప్సిన్ అను ఎంజైముతో కణములను విడదీసినపుడు అవి మఱల చక్కగా గుమికూడుచుండెను. అమెరికాలోని బాల్టిమోర్ నగరమునకు పోయి అదే పని చేయగా అవి గుమికూడవయ్యెను. కారణము వెదకగా, బాల్టిమోర్‌లో వాడు ఎంజైము ద్రావణమున కాల్షియంను పట్టివేయు ఇ.డి.టి.ఎ. అను రసాయనము కలిసియున్నట్లును, క్యోటో ద్రావణమున అది లేనట్లును తెలిసెను. కాల్షియం ఉన్నంతవఱకు ఎంజైమునకు లొంగక నిలిచి, అది లేనంతనే కరగిపోవు ఆసంజన ప్రోటీను ఒకటి కలదని దీనివలన ఆయన గ్రహించి 1977లో ప్రకటించెను. కాల్షియం సహాయమున అంటుకొనునను అర్థము వచ్చునట్లు దానికి కాథెరిన్ అని నామకరణము జరిగినది. ప్రసిద్ధములగు కాథెరిన్‌ల బాహ్యభాగమున పూసలవలె ఐదు ఖండములుండును. వాని నడుమ కాల్షియం అయానులు చేరి ఆ వరుసను బిగువుగా నిలుపును. లోపలి కొన కాటెనిన్‌లను ప్రోటీనుల ద్వారమున కణములోని ఆక్టిన్ పోగులకు ముడిపడియుండును. కావున వెలుపలి పట్టు కణముయొక్క అస్థిపంజరమువఱకు వ్యాపించుచున్నది.

1987లో తకేయిచి బృందము, పరస్పరము అంటుకొను స్వభావము లేని చుంచెలుక కణములలోనికి ఒక కాథెరిన్ జన్యువును ప్రవేశపెట్టగా, అవి వెంటనే గుంపులు కట్టసాగెను. మఱుసటి సంవత్సరమున వేర్వేఱు కాథెరిన్‌లు గల రెండు తెగల కణములను కలపగా, అవి ఏ తెగకు ఆ తెగ విడివడి చేరినవి. టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ చూచిన అద్భుతమునకు కొంతవఱకు అణువుల మూలముననే సమాధానము దొరికినది.

మూడవ కుటుంబము ఇంటెగ్రిన్‌లు. ఇవి జంటలుగా ఏర్పడును. క్షీరదములలో 18 ఆల్ఫా గొలుసులు, 8 బీటా గొలుసులు కలిసి 24 జంటలగుచున్నవి. ఇవి కణములకు వెలుపలనున్న లామినిన్, ఫైబ్రోనెక్టిన్ మొదలగు పదార్థములను పట్టుకొని, వలసపోవు కణమునకు కాలూనుటకు ఆధారము కల్పించును. నాలుగవది న్యూరెక్సిన్, న్యూరోలిజిన్ అను జోడు. ఇవి ఒక నాడీకణము మఱియొకదానితో కలియు నాడీసంధికి ఇరువైపుల నిలుచునవి.

నాడీనాళము, నాడీశిఖరము

మానవ పిండమున మూడవ వారమున వెన్నువైపు బహిస్త్వచము కొంతమేర మందమై నాడీఫలకమగును. దాని యంచులు పైకి లేచి, వంగి, కలిసికొని, నాలుగవ వారాంతమునకు గొట్టముగా మూసికొనును. ఇదియే నాడీనాళము, మెదడును వెన్నుపామును దీనినుండియే పుట్టును. మొదట ఈ ప్రాంతపు కణములన్నిటియందును ఇ-కాథెరిన్ అను రకము ఉండును. ఫలకము వంగునపుడు నాడీకణములు కానున్నవి దానిని విడిచి ఎన్-కాథెరిన్‌ను ధరించును. చర్మము కానున్నవి ఇ-కాథెరిన్‌నే నిలుపుకొనును. ఇట్లు ఉభయుల గుర్తులు వేఱగుటచే, గొట్టము చర్మమునుండి తెగి లోనికి దిగుటకు మార్గము సుగమమగును. ఎన్-కాథెరిన్ జన్యువు లేని చుంచెలుక పిండములు సుమారు పదవ దినమునకే నశించును. వాని నాడీనాళము వంకరలు తిరిగియుండును.

నాళము మూసికొను అంచున నాడీశిఖరమను కణసమూహము ఏర్పడును. ఇవి వలసజీవులు. దేహమంతట సంచరించి నాడీగ్రంథులుగాను, చర్మమునకు రంగునిచ్చు కణములుగాను, ముఖమునందలి అస్థులలో కొన్నిగాను మాఱును. బయలుదేరుటకు ముందు ఇవి ఎన్-కాథెరిన్‌ను త్యజించును. దారిలో ఇంటెగ్రిన్‌ల సహాయమున ఫైబ్రోనెక్టిన్ పఱచిన బాటపై నడచును. గమ్యము చేరి నాడీగ్రంథిగా గుమికూడునపుడు మఱల ఎన్-కాథెరిన్‌ను ధరించును. కోడిపిండమున ఈ కణములు ఆ ప్రోటీనును విడువకుండునట్లు చేయగా, అవి నాళమును దాటి బయటికి రాలేకపోవుట కానవచ్చినది. పట్టు ఎంత అవసరమో, విడుపు అంత అవసరమనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అరుదు.

పోగుల ప్రయాణము

నాడీకణమునుండి బయలుదేరు పొడవైన పోగునకు ఆక్సాన్ అని పేరు. దాని కొనయందు చేతివ్రేళ్లవలె చాచుచు ముడుచుచుండు వృద్ధిశంకువు దారి వెదకును. దీనిని 1890లో స్పెయిన్‌దేశపు రామన్ యి కహాల్ వర్ణించెను. మొదట పోవు ఆక్సాన్ మార్గదర్శి. తరువాతివి దానిని అంటిపెట్టుకొని సాగును. అడవిలో ఒకడు నడచిన కాలిబాటను వెనుకవారు అనుసరించినట్లు ఈ పోగులు కట్టలుగా ఏర్పడును. మిడత పిండములను పరిశీలించిన కోరీ గుడ్‌మన్ బృందము, ఒక్కొక్క కట్టకు ప్రత్యేకమైన ఉపరితల గుర్తులు గలవని తలచి, ఆ ప్రోటీనులకు కట్ట అను అర్థము గల లాటిను మూలమునుండి ఫాసిక్లిన్‌లని పేరిడిరి. ఎల్-1, ఎన్‌కామ్ అనునవియు వెన్నెముకగల జంతువులలో ఈ పనికి తోడ్పడును.

కట్టగా సాగిన పోగులు గమ్యమునొద్ద విడిపోవలెను. పండ్ల ఈగలో ఫాసిక్లిన్-2 మితిమీరి ఉన్నచో, కండరములకు పోవలసిన పోగులు కట్టను విడువలేక, తమ మలుపు దాటి ముందునకు పోవును. వెన్నెముకగల జంతువులలో ఈ సడలింపునకు ప్రకృతి కల్పించిన ఉపాయము విచిత్రమైనది. ఎన్‌కామ్‌పై పాలిసియాలిక్ ఆమ్లమను చక్కెరజాతి పదార్థము పొడవైన గొలుసులుగా వ్రేలాడును. పిండదశలో ఎన్‌కామ్ బరువులో సుమారు 30 శాతము ఈ జాతి ఆమ్లమే. వయస్సు వచ్చిన జంతువులో అది 10 శాతమునకు దిగును. ఋణవిద్యుదావేశము గల ఆ గొలుసులు నీటిని విస్తారముగా పట్టి ఉబ్బి, రెండు కణత్వచములు దగ్గఱకు రాకుండ దూరముగా నెట్టును. కోడిపిండపు కాలి మూలమున, వెన్నుపామునుండి వచ్చిన పోగులు తిరిగి పంచుకొని కండరములకు పోవు కూడలిలో ఈ ఆమ్లము హెచ్చుగా కనబడును. ఎంజైముతో దానిని తొలగించినపుడు పోగులు సరిగా విడివడక తప్పు కండరములకు పోయినట్లు లిన్ ల్యాండ్‌మెసర్ బృందము చూపినది.

ఈ ఆమ్లము పెద్దవయస్సునను కొన్ని చోట్ల మిగిలియుండును. చుంచెలుకలలో, మెదడు లోపలి గదుల గోడలయందు పుట్టి, వాసనను గ్రహించు భాగములగు ఘ్రాణలంబికలకు వలసపోవు క్రొత్త నాడీకణములు దీనిని ధరించియుండును. ఎన్‌కామ్ జన్యువును తొలగించిన చుంచెలుకలకు ఘ్రాణలంబికలు చిన్నవగును. ప్రోటీనును ఉంచి, ఆమ్లమును మాత్రమే తీసివేసినను ఇంచుమించు అదే ఫలితము. మెదడుపొరల వాపు కలిగించు బి-వర్గపు మెనింగోకాకస్ బాక్టీరియా కవచము ఈ ఆమ్లముతోడనే నిర్మితము. మన దేహము దానిని తన సొత్తుగనే భావించి ఎదిరింపదు. కావుననే ఆ వర్గమునకు టీకా తయారుచేయునపుడు కవచమును విడిచి, ప్రోటీనులను ఆశ్రయింపవలసి వచ్చినది.

నాడీసంధులు

గమ్యము చేరిన పోగు అచ్చటి కణముతో సంధిని ఏర్పఱచుకొనవలెను. నల్ల సాలీడు విషములోని లాట్రోటాక్సిన్ నాడీకణమున దేనిని పట్టుకొనునో వెదకుచు, థామస్ సూధాఫ్ బృందము 1992లో న్యూరెక్సిన్‌ను కనుగొనెను. పిమ్మట దానికి ఎదుటి వైపున జోడుగా న్యూరోలిజిన్ దొరికెను. 2000లో జరిగిన ఒక ప్రయోగమున, నాడీకణములు కాని సామాన్య కణములకు న్యూరోలిజిన్ నొసగి నాడీకణములతో కలిపి పెంచగా, వానిని తాకిన ఆక్సాన్‌లు అచ్చటనే సంధిభాగములను నిర్మించుకొనసాగెను. అట్లని సంధులన్నియు దీనివలననే పుట్టునని చెప్పరాదు. మూడు న్యూరోలిజిన్ జన్యువులను తొలగించిన చుంచెలుకలు పుట్టిన వెంటనే ఊపిరాడక మరణించినను, వాని మెదడులో సంధుల సంఖ్య అంతగా తగ్గలేదు. వాని పనితనము మాత్రము చెడినది. కావున ఈ జోడు ముఖ్యకృత్యము సంధిని పరిపక్వము చేయుటయని చెప్పుట సమంజసము.

సంధిచేయుటకు ముందు మఱియొక వివేకము కావలెను. ఒకే కణముయొక్క కొమ్మలు పరస్పరము కలిసికొనకుండ, ఎడముగా విస్తరింపవలెను. పండ్ల ఈగలో డిస్కామ్ అను ఒకే జన్యువు ఈ పని నిర్వహించును. దానిలోని నాలుగు భాగములకు క్రమముగా 12, 48, 33, 2 చొప్పున ప్రత్యామ్నాయములుండుటచే 38,016 రూపాంతరములు సాధ్యమగునని 2000లో ప్రకటితమైనది. ఒక్కొక్క కణము వీనిలో కొన్నింటిని మాత్రమే ధరించును. ఎదుటి కొమ్మపై సరిగా తన రూపములే కనబడినచో, అది తనదేయని గుర్తించి తొలగిపోవును. ఇచ్చట అంటుకొనుటయే విడివడుటకు సంకేతమగుట విశేషము. క్షీరదములలో ఈ పనిని ప్రోటోకాథెరిన్‌లు చేయును; చుంచెలుకలో గుంపుగా నున్న ఆ జన్యువులు 58. వానిలో గామా వర్గపు 22 జన్యువులను నేత్రపటలమునుండి తొలగించగా, నక్షత్రాకారపు కణముల కొమ్మలు విప్పుకొనక ఒకదానిపై నొకటి చిక్కుపడినవి.

వ్యాధులు

ఈ ప్రోటీనుల లోపములు మానవులయందు అనేక వ్యాధులకు కారణములు. ఎల్-1 జన్యువు ఎక్స్ క్రోమోజోముపై నున్నది. దీనియందు దోషమున్న మగబిడ్డలకు తలలో నీరు చేరుట, బొటనవ్రేళ్లు అరచేతిలోనికి ముడుచుకొనుట, కాళ్లు బిగిసికొనుట, బుద్ధిమాంద్యము, మెదడు రెండర్ధములను కలుపు కార్పస్ కలోసమ్ సన్నగిలుట సంభవించును. ఈ సంబంధము 1992లో స్థిరపడినది. మద్యము ఎల్-1 ద్వారా జరుగు ఆసంజనమును భంగపఱచునని ప్రయోగశాలలో తేలినది. గర్భిణులు మద్యము సేవించుటవలన శిశువు మెదడునకు కలుగు హానికి ఇది యొక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. న్యూరోలిజిన్ జన్యువుల దోషములు కొందఱు ఆటిజము గల సోదరులలో 2003లో కనుగొనబడెను. నాడులను చుట్టియుండు మయలిన్ తొడుగు పొరలను అతికి నిలుపు పి-జీరో ప్రోటీను చెడినచో, చేతుల కాళ్ల కండరములు క్షీణించు నాడీవ్యాధి కలుగును.

అన్నింటికంటె ఆలోచింపదగినది ప్రోటోకాథెరిన్-19 వలన కలుగు మూర్ఛవ్యాధి. దీని జన్యువును ఎక్స్ క్రోమోజోముపైననే యున్నది. సాధారణముగా ఈ క్రోమోజోముపై దోషములు ఒకే ప్రతి గల పురుషులను బాధించి, రెండు ప్రతులు గల స్త్రీలను విడిచిపెట్టును. ఇచ్చట వ్యవహారము తలక్రిందులు: చెడిన ప్రతి ఒక్కటే గల పురుషులు చాలవఱకు మూర్ఛలు లేక జీవింతురు; ఒకటి మంచిది, ఒకటి చెడినది గల బాలికలకు పసితనముననే మూర్ఛలు ఆరంభమగును. 2008లో ఈ జన్యువు గుర్తింపబడిన నాటినుండి దీనికి కారణము అన్వేషింపబడెను. స్త్రీదేహమున ప్రతి కణమందును రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి మౌనము వహించును; ఏది మౌనము వహించునో కణమునకు కణమునకు భేదముండును. కావున అట్టి బాలికల మెదడులో కొన్ని కణములకు ఈ ప్రోటీను ఉండును, కొన్నింటికి ఉండదు. అట్టి స్థితి గల చుంచెలుకలను పరీక్షింపగా, ఆ రెండు తెగల కణములు మెదడున ఏకరీతిగా కలియక, వేర్వేఱు గుంపులుగా చీలియున్నట్లు కనబడినది. టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ప్రయోగపాత్రలో చూచిన వేర్పాటు ఇచ్చట సజీవమైన మెదడులో జరుగుచున్నది. దేహములో కొన్ని కణములకు మాత్రమే ఈ దోషము గల పురుషులకును ఇదే వ్యాధి వచ్చుట ఈ వివరణమును బలపఱచుచున్నది. ప్రోటీను కణములన్నింటికి ఉన్నను మూర్ఛ రాదు. ఏ కణమునకును లేకున్నను సాధారణముగా రాదు. కొన్నింటికి ఉండి కొన్నింటికి లేనపుడే వచ్చును.